హైదరాబాద్‌ల రెండు రాత్రులు: హోటల్ ఏ దిక్కు తీసుకోవాలె, మెంబర్‌షిప్ అక్కరకొస్తదా?

పానగల్_చెరువు
అందరికీ నమస్తే. బాబు అమెరికా స్టూడెంట్ వీసా పని మీద నల్గొండ నుంచి ముగ్గురం హైదరాబాద్ పోవాలె. గురువారం పొద్దున హైటెక్ సిటీల వేలిముద్రలు, శుక్రవారం పది గంటలకు కాన్సులేట్‌ల ఇంటర్వ్యూ. బుధవారం, గురువారం రాత్రులు ఉండాలె. రూముకు రోజుకు ఏడు, ఏడున్నర వేల దాకా పెట్టుకోగలం. ఎల్బీ నగర్ దిక్కు చవక, పొద్దున్నే మెట్రోల పోవచ్చు అంటున్నరు, అది నడుస్తదా? హోటల్ వెబ్‌సైట్‌ల మెంబర్‌గ చేరమంటున్నరు. ఏడాదికి రెండు మూడుసార్లు పోయేటోళ్లకు దాంతోని ఏమన్న ఒరిగేదున్నదా? ట్రావెల్ యాప్‌ల అదే రూము ఐదారు వందలు తక్కువ చూపిస్తున్నది. ఏది నయం?

రాయదుర్గం_లైన్
ముందు ఏరియా తేల్చుకోండి, మిగతావి దాని వెనకే తేలతాయి. వేలిముద్రల సెంటర్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో. కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు. బేగంపేట పాత అడ్రస్ చూసి రూము తీసుకోవద్దు. అపాయింట్‌మెంట్ కాగితం మీద ఉన్న అడ్రసే మ్యాప్‌లో పెట్టి చూసుకోండి.

ఎల్బీ నగర్ నుంచి మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో దిగి, నాగోల్–రాయదుర్గం లైన్‌కు మారాలి. గంట దాకా పడుతుంది. గురువారం పనికి అది బాగానే నడుస్తుంది, ఎందుకంటే దిగేది సెంటర్ ఉన్న స్టేషన్‌లోనే. శుక్రవారం కథ వేరు. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడకు క్యాబో ఆటోనో తప్పదు. పొద్దున తొమ్మిదింటికి బయోడైవర్సిటీ, గచ్చిబౌలి జంక్షన్లు ఐటీ ట్రాఫిక్‌తో నిండి ఉంటాయి. క్యాబ్ బుక్ అయినా బండి మీ దగ్గరికి రావడానికే ఇరవై నిమిషాలు పట్టొచ్చు.

కాబట్టి హైటెక్ సిటీ, గచ్చిబౌలి మధ్య చూడండి. షెరటన్, ఫెయిర్‌ఫీల్డ్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు. వెస్టిన్ మైండ్‌స్పేస్‌లో, రాయదుర్గం మెట్రోకు దగ్గర. లెమన్ ట్రీ ప్రీమియర్, ఐబిస్ హైటెక్ సిటీ వైపు. మీ బడ్జెట్‌కు అన్నీ అందవు. ఈ ఏరియాలో సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ల వల్ల రేటు ఎక్కువ, శుక్ర శనివారాల్లో దిగుతుంది. మీవి పనిదినాలు కనుక ఎంత ముందు బుక్ చేస్తే అంత మంచిది. బంజారాహిల్స్, బేగంపేటల్లో పెళ్లి ముహూర్తాలను బట్టి మారుతుంది, అక్కడ ఈ వారాల లెక్క అంతగా పనిచేయదు.

ఇంకో సంగతి. కాన్సులేట్ లోపలికి ఫోను, స్మార్ట్ వాచీ, బ్యాగు ఏవీ రానివ్వరు. బాబు ఒక్కడే లోపలికి వెళ్తాడు. అవన్నీ పట్టుకుని మీరు రోడ్డు మీద నిలబడే పని లేకుండా, నడిచి వెళ్లేంత దూరంలోనో పది నిమిషాల క్యాబ్ దూరంలోనో రూము ఉంటే చాలా తేలిక.

పాలమూరు_44
అన్నా, నువ్వు ఏడున్నర వేలు అన్నవు చూడు, లెక్కంత ఆ అంకె దగ్గర్నే ఉన్నది. 22 సెప్టెంబర్ 2025 నుంచి రూముకు జీఎస్టీ ఇట్ల ఉన్నది: ఒక రూముకు ఒక రోజుకు 7,500 దాకా 5 శాతం, ఒక్క రూపాయి దాటినా మొత్తం మీద 18 శాతం. దాటిన పైసల మీదనే కాదు, మొత్తం మీద.

7,400 రూము: పన్నుతోని 7,770.
7,600 రూము: పన్నుతోని 8,968.

రెండు వందల తేడాకు పన్నుతోని 1,198 పడ్తది. ఇగ మెంబర్ రేటు ఎక్కడ పనికొస్తదో చూడు. 7,600 మీద మెంబర్‌కు రెండు శాతం తగ్గిస్తే 7,448. అప్పుడు పన్ను 5 శాతమే, మొత్తం 7,820. డిస్కౌంట్ చూస్తే 152 రూపాయలే గని, చేతిల మిగిలేది 1,148. పన్ను పడేది నువ్వు కట్టే అసలు రేటు మీదనే, గోడ మీద రాసిన రేటు మీద కాదు. 7,500 నుంచి 7,700 నడుమ రేటు కనిపించినప్పుడల్లా మెంబర్‌గ లాగిన్ అయ్యి మల్ల చూడు.

రెండు రాత్రులకు రేటు వేరువేరుగ ఉంటే పన్ను కూడ ఏ రాత్రికి ఆ రాత్రే. బుధవారం 7,300, గురువారం 7,700 అయితే ఒక రాత్రికి 5, ఇంకో రాత్రికి 18. సైట్‌ల సగటు చూపిస్తరు, "రేటు వివరాలు" తెరిచి చూడాలె.

గద్వాల_జరీ
పాలమూరు అన్న చెప్పిన దానికి టిఫిన్ సంగతి కలపాలి. టిఫిన్‌తో కలిపిన రేటు తీసుకుంటే రూము, టిఫిన్ రెండూ ఒకే ప్యాకేజీ. హోటల్ మొత్తాన్ని రూము కిందే లెక్కేస్తే 7,500 గీత దాటిపోతుంది.

రూము 7,200, ఇద్దరికి టిఫిన్ 700 అనుకుందాం. కలిపి తీసుకుంటే 7,900 మీద 18 శాతం, మొత్తం 9,322. విడిగా అయితే రూము 7,560. టిఫిన్ మీద రెస్టారెంట్ పన్ను 18 శాతం వేసినా 826. రెండూ కలిపి 8,386. రాత్రికి 936 మిగిలింది. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఒక్క రూమైనా 7,500 పైన ఇచ్చిన హోటల్లో రెస్టారెంట్‌కు 18 శాతం, లేకపోతే 5 శాతం. అందుకే చిన్న హోటల్లో టిఫిన్ బిల్లు ఇంకా తక్కువ వస్తుంది.

మీరు ముగ్గురు కదా, కలిపిన రేటులో టిఫిన్ ఇద్దరికే ఉంటుంది. మూడో మనిషికి మంచం, టిఫిన్ రెండూ అదనం. బుకింగ్‌లో ముగ్గురు పెద్దవాళ్లు అని పెట్టే రేటు చూడండి. ఇద్దరని పెట్టి వెళ్తే కౌంటర్ దగ్గర ఎక్స్‌ట్రా బెడ్ ఛార్జీ ఎంత చెప్తే అంత కట్టాలి, ఆ రోజు బెడ్ ఖాళీ లేకపోవచ్చు కూడా. కొన్ని రూముల్లో మూడో మంచం పట్టదు, ముఖ్యంగా బిజినెస్ హోటళ్లలో. ఫోన్ చేసి "ట్విన్ రూములో రోల్ అవే బెడ్ పడుతుందా" అని అడిగి, అవునంటే మెయిల్‌లో రాయించుకోండి.

మిర్యాల_వడ్లు
యాప్‌ల ఆరు వందలు తక్కువ అన్నప్పుడు యాపే తీసుకోవచ్చు గదా? మెంబర్ అయితే ఏం, కాకపోతే ఏం, పడుకునేది అదే రూములనే గదా.

రాయదుర్గం_లైన్
ఒక్కసారికే అయితే, రేటు నిజంగానే ఆరు వందలు తక్కువైతే యాపే తీసుకోండి, తప్పేం లేదు. కానీ ముందు మూడు చూడండి. ఒకటి, యాప్‌లో మొదట కనిపించేది పన్ను లేని రేటు, చివరి పేజీలో పన్ను, కన్వీనియన్స్ ఫీజు కలుస్తాయి. చివరి పేజీకి చివరి పేజీనే పోల్చాలి. రెండు, రద్దు షరతు. వీసా అపాయింట్‌మెంట్ ఎప్పుడు వాయిదా పడుతుందో ఎవరూ చెప్పలేరు. వాపసు రాని రేటు ఐదు వందలు తక్కువని తీసుకుంటే, తేదీ మారిన రోజు పదిహేను వేలు పోతాయి. ఈ పనికి ఫ్లెక్సిబుల్ రేటు, అంటే గడువులోపు రద్దు చేస్తే డబ్బు పోని రేటు, ఒక్కటే సరైనది. ఎంత లోపు రద్దు చేయాలో గడువు కూడా చదవండి, కొన్నిచోట్ల ముందు రోజు సాయంత్రం ఆరు, కొన్నిచోట్ల రెండు రోజుల ముందు. మూడు, పెద్ద కంపెనీల మెంబర్‌షిప్‌లలో బయటి సైట్ల బుకింగ్‌కు రూము మీద పాయింట్లు రావు, మెంబర్ హోదా కోసం లెక్కపెట్టే రాత్రుల్లోకీ రాదు.

మారియట్ గ్రూపు హోటళ్లలో (షెరటన్, వెస్టిన్, ఫెయిర్‌ఫీల్డ్ వాళ్లవే) అయితే బయట అదే రూము, అవే తేదీలు, అదే రద్దు షరతు తక్కువకు దొరికితే, వాళ్ల సైట్‌లో బుక్ చేసిన 24 గంటల్లోపు క్లెయిమ్ పెట్టొచ్చు. ఒప్పుకుంటే ఆ తక్కువ రేటుకు దించి, దాని మీద మరో 25 శాతం తగ్గిస్తారు, లేదా 5,000 పాయింట్లు ఇస్తారు. క్లెయిమ్ ఎక్కువగా ఎందుకు తిరగ్గొడతారంటే, యాప్‌లో ఉన్నది వాపసు రాని రేటు, వీళ్ల దగ్గర పెట్టింది ఫ్లెక్సిబుల్ రేటు. లేదా యాప్ రేటు లాగిన్ అయినవాళ్లకు మాత్రమే, లేదా కూపన్ కొడితే వచ్చింది. రూము పేరు కూడా అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

గద్వాల_జరీ
మెంబర్‌షిప్‌తో ఏం ఒరుగుతుంది అన్న ప్రశ్నకు లెక్కతో చెప్తాను. మారియట్ వాళ్ల మెంబర్‌షిప్ బాన్‌వాయ్‌లో ఎక్కువ బ్రాండ్లకు డాలరుకు 10 పాయింట్లు, పన్ను తీసేసిన రేటు మీద. రెండు రాత్రులు కలిపి 14,900 అనుకోండి, డాలరు 90 అనుకుంటే 165 డాలర్లు, 1,650 పాయింట్లు. పాయింటు విలువ మనమే కట్టుకోవాలి: ఆ రాత్రి పన్నుతో సహా కట్టాల్సిన డబ్బును అడిగిన పాయింట్లతో భాగించాలి. 10,620 రూపాయల రూముకు 15,000 పాయింట్లు అడిగితే పాయింటు 70 పైసలు. అంటే మీ 1,650 పాయింట్లు సుమారు 1,150 రూపాయలు, అదీ వాడుకుంటేనే. 50 పైసల కన్నా తక్కువ వస్తుంటే డబ్బే కట్టి పాయింట్లు దాచుకోండి.

ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది పాయింట్లు ఎప్పుడు మురిగిపోతాయన్నది. మారియట్‌లో 24 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి. అకోర్‌లో, అంటే నోవోటెల్, మెర్క్యూర్, ఐబిస్‌లలో ఏడాదే గడువు. కానీ అకోర్‌లో లెక్క సూటిగా ఉంటుంది: 2,000 పాయింట్లకు బిల్లులో 40 యూరోలు తగ్గుతాయి, పండగని, సీజనని మార్పు ఉండదు. తాజ్ వాళ్లది ఇంకా సూటి, వాళ్ల పాయింటు పేరు న్యూకాయిన్, ఒక న్యూకాయిన్‌కు ఒక రూపాయి. ఐహెచ్‌జీలో, అంటే హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్ వగైరాల్లో, మామూలు మెంబర్‌కు 12 నెలలే. మన లెక్కన ఒక్కటి పట్టుకోవడం మంచిది. నాలుగు చోట్ల నాలుగు వందల చొప్పున పాయింట్లు పెట్టుకుంటే ఏదీ అక్కరకు రాదు.

ఇక హోదా. మారియట్‌లో ఏడాదికి 10 రాత్రులకు సిల్వర్, 25కు గోల్డ్, 50కి ప్లాటినం. గోల్డ్‌కు ఖాళీ ఉంటే మధ్యాహ్నం రెండింటి దాకా చెకౌట్, ప్లాటినంకు నాలుగింటి దాకా. లాంజ్, టిఫిన్ లాంటి గట్టి సౌకర్యాలు ప్లాటినం దగ్గర్నుంచే మొదలు. సిల్వర్‌తో టిఫిన్ రాదు, లాంజ్ రాదు. ఈ సంగతి తెలియక కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవద్దు. హోదా కోసం అక్కర్లేని రాత్రులు కొనడం మాత్రం శుద్ధ నష్టం.

నల్లమల_అంచు
క్రెడిట్ కార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ బాన్‌వాయ్ కార్డుకు ఏడాదికి 3,000, జీఎస్టీతో 3,540. దానికి 15,000 పాయింట్ల దాకా విలువైన ఒక ఉచిత రాత్రి, సిల్వర్ హోదా, హోదా లెక్కలోకి 10 రాత్రుల క్రెడిట్ వస్తాయి. ఆ ఒక్క రాత్రి సరిగ్గా వాడితేనే ఫీజు వెనక్కి వచ్చినట్టు.

గద్వాల_జరీ
నిజమే, కానీ అందరికీ కాదు. ఆ ఉచిత రాత్రి వెంటనే చేతికి రాదు, ఫీజు పడ్డాక వారాలు పడుతుంది. ఈ వీసా ప్రయాణానికి అందదు. వచ్చాక ఏడాదిలోపు వాడాలి. హైదరాబాద్‌లో పనిదినాల్లో పాయింట్ల రేటు 15,000 దాటిపోతే అది చెల్లదు, పైన కొన్ని సొంత పాయింట్లు కలపాల్సి వస్తుంది. మన దగ్గర పాయింట్లు ఉండకపోతే ఆదివారం రాత్రి చూసుకోవాలి. పైగా అది డైనర్స్ కార్డు, మన ఊళ్ల షాపుల్లో ప్రతి మిషన్ తీసుకోదు. ఏడాదికి కచ్చితంగా ఒక రాత్రి పెద్ద హోటల్లో ఉండే ఇంటికి సరే. వాడతామో లేదో అనుకునేవాళ్లు 3,540 కట్టొద్దు.

పాలమూరు_44
పేరు సంగతి చెప్పాలె, మనోళ్ల పాయింట్లు సగం అక్కడ్నే ఆగిపోతయి. ఆధార్‌ల ఇంటిపేరు ఒక అక్షరమే ఉంటది, పాస్‌పోర్టుల పూర్తిగ ఉంటది, మెంబర్‌షిప్‌ల ఇంటిపేరు ముందట ఒకసారి, ఎనుక ఒకసారి కొడ్తరు. కౌంటర్ కాడ గుర్తింపు కార్డు చూసి వాళ్లు కొత్త పేరు ఎక్కిస్తే బుకింగ్‌ల మెంబర్ నంబర్ ఊడిపోతది. పాస్‌పోర్టుల ఉన్నట్టే మెంబర్‌షిప్ తెరువుండ్రి, అదే పేరు మీద బుక్ చేయుండ్రి, అదే కార్డు చూపించుండ్రి. చెకిన్ అప్పుడు "మెంబర్ నంబర్ ఎక్కిందా" అని ఒక్క మాట అడుగుండ్రి. పోయేటప్పుడు బిల్లు పీడీఎఫ్ మెయిల్‌కు పంపించుకోవాలె. పాయింట్లు పడకపోతే అదే సాక్ష్యం.

ఆధార్ ఇవ్వాల్సొస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యుండ్రి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తయి. ముగ్గురి కార్డులూ కావాలె, ఒక్కరిది చాలదు.

పానగల్_చెరువు
చాన మంచిగ చెప్పిండ్రు. ఇంకో రెండు అడుగుతా. బుధవారం పొద్దున బస్సుకు బయల్దేరితే పదింటికే చేరతం, రూము ఇస్తరా? శుక్రవారం ఇంటర్వ్యూ అయ్యి వచ్చేసరికి ఒంటిగంట అయితది, చెకౌట్ పన్నెండుకు అన్నరు.

నల్లమల_అంచు
చెకిన్ మామూలుగా మధ్యాహ్నం రెండు లేదా మూడింటికి. పదింటికి రూము ఇవ్వమంటే సగం రోజు ఛార్జీ అడగొచ్చు. పైసలు పెట్టక్కర్లేదు. బ్యాగులు బెల్ డెస్క్‌లో ఇచ్చి టోకెన్ తీసుకుంటే దానికి ఛార్జీ ఉండదు. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, అమెరికా కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం మాత్రం ఆ బ్యాగులో పెట్టొద్దు, చేతిలోనే ఉంచుకోండి. కౌంటర్‌లో ఫోన్ నంబర్ ఇచ్చి "రూము సిద్ధం కాగానే చెప్పండి" అంటే తరచుగా పన్నెండుకే ఇస్తారు, రాత్రి ఖాళీగా ఉన్న రూములు ముందే శుభ్రమై ఉంటాయి కాబట్టి. ఎత్తైన అంతస్తు, రోడ్డు వెనక వైపు అని కూడా అప్పుడే చెప్పండి. ఇంటర్వ్యూ ముందు రాత్రి పిల్లవాడికి నిద్ర ముఖ్యం.

లేట్ చెకౌట్ అడగడానికి ఒక సరైన సమయం ఉంటుంది. శుక్రవారం పదకొండుకు అడిగితే రాదు, అప్పటికి హౌస్‌కీపింగ్ వాళ్లకు రూముల జాబితా పంచేసి ఉంటారు. గురువారం సాయంత్రం ఒకసారి అడగండి, "రేపు పొద్దున చెప్తాం" అంటే శుక్రవారం ఎనిమిదింటికి, బాబును పంపేముందు మళ్లీ అడగండి. "ఇంటర్వ్యూ ఉంది, రెండింటికి ఖాళీ చేస్తాం, డబ్బు పడకుండా వీలవుతుందా" అని కారణం, టైము రెండూ చెప్పాలి. మామూలు మెంబర్‌కు హక్కుగా రాదు, కానీ శుక్రవారం ఐటీ ఏరియాలో రూములు ఖాళీ అయ్యే రోజు కనుక ఒప్పుకునే అవకాశం బాగా ఉంది. ఒప్పుకుంటే కౌంటర్‌లో పేరు అడిగి, సిస్టమ్‌లో ఎక్కించమనండి. షిఫ్ట్ మారితే నోటిమాట నిలవదు, కీకార్డు కూడా పన్నెండుకు పనిచేయడం మానేస్తుంది. ఒప్పుకోకపోతే పదకొండున్నరకే ఖాళీ చేసి సామాను బెల్ డెస్క్‌లో పెట్టి లాబీలో కూర్చోండి.

మిర్యాల_వడ్లు
డిపాజిట్ అంటున్నరు, అదేంది?

గద్వాల_జరీ
చెకిన్ అప్పుడు రూము డబ్బు కాక, మినీబార్, రెస్టారెంట్ లాంటి వాటికి కొంత మొత్తం పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డు అయితే లిమిట్‌లో ఆపుతారు, చెకౌట్ తర్వాత విడుదలవుతుంది. డెబిట్ కార్డు అయితే ఖాతాలోంచి నిజంగానే డబ్బు వెళ్లిపోతుంది, తిరిగి రావడానికి వారం దాకా పట్టొచ్చు. ఖాతాలో ఉన్నదంతా రూముకే లెక్కపెట్టుకుని వెళ్తే క్యాబ్‌కు ఇబ్బంది పడతారు. ఎంత పట్టి ఉంచుతారో ముందే ఫోన్‌లో అడగండి. యూపీఐతో డిపాజిట్ కడితే వాపసు రసీదు చేతిలో పడ్డాకే కదలండి.

పాలమూరు_44
పాలమూరు దిక్కు నుంచి వచ్చేటోళ్లకు ఒక మాట. మనం జడ్చర్ల, షాద్‌నగర్ మీదికెళ్లి శంషాబాద్ తగుల్తం. గచ్చిబౌలి పని ఉంటే ఆరాంఘర్ దాకా పోవద్దు, శంషాబాద్ కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలె. నల్గొండోళ్లు సొంత కారుల వస్తే పెద్ద అంబర్‌పేట కాడ ఔటర్ ఎక్కి అటే రావచ్చు, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ సిగ్నళ్లు తప్పుతయి. కారు ఉంటే పార్కింగ్ ఫ్రీనా, డ్రైవర్‌కు పడుకోను జాగ ఉన్నదా అని ముందే అడుగుండ్రి. నిమ్స్ ఆస్పత్రికి వచ్చేటోళ్లు మాత్రం ఈ ఏరియా తీసుకోవద్దు, పంజాగుట్ట, సోమాజిగూడలనే చూడుండ్రి. రోజుకు రెండుసార్లు తిరుగుడు ఉంటది.

నల్లమల_అంచు
పెళ్లికి పది రూములు తీసుకునేవాళ్లు కూడా ఇది చదువుతారని రాస్తున్నా. మారియట్‌లో ఒక మెంబర్ తాను ఒక రూములో ఉండి మూడు రూముల డబ్బు కడితే మూడింటికీ పాయింట్లు వస్తాయి, రాత్రి లెక్క మాత్రం ఒక్క రూముదే. అంతకన్నా ఎక్కువైతే గ్రూప్ ఒప్పందం. పాయింట్లు ఎవరికి పడతాయి, ఎన్ని రూములు ఏ తేదీ దాకా వదులుకోవచ్చు, ఈ రెండూ అడ్వాన్స్ ఇవ్వకముందే కాగితం మీదికి రావాలి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలు ఓసీఐ వాళ్లైతే, అంటే అక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లైతే, పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు అసలువి తేవాలి, వాళ్ల వివరాలు హోటల్ ప్రభుత్వానికి పంపాలి. జిరాక్సులతో అర్ధరాత్రి దిగితే చెకిన్ దగ్గరే ఆగిపోతారు.

పానగల్_చెరువు
సరే. గచ్చిబౌలి దిక్కే చూస్తున్న. ఫ్లెక్సిబుల్ రేటు, టిఫిన్ లేకుంట, ముగ్గురని పెట్టిన. బుధవారం 7,350, గురువారం 7,580 చూపిస్తున్నది. బిల్లుల సర్వీస్ ఛార్జ్ అని కూడ ఉంటదంట గదా?

పాలమూరు_44
7,580ని ఇడువకు అన్నా. మెంబర్‌గ లాగిన్ అయ్యి చూడు, 80 రూపాయలు దిగితే చాలు, 7,500 గీత దాటకుంట ఉంటవు. ముగ్గురిల ఎవరి పేరు మీద బుక్ చేస్తరో ఆ పేరుతోనే చేరు.

గద్వాల_జరీ
సర్వీస్ ఛార్జ్ రెస్టారెంట్ బిల్లులో వేస్తారు. అది తప్పనిసరి కాదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. బిల్లును రూముకు రాయించుకునే ముందే తీసేయమనండి. రూము బిల్లులో కలిశాక తీయించాలంటే చెకౌట్ దగ్గర ఆలస్యం, శుక్రవారం మీకు ఆ టైము ఉండదు. తీయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. గురువారం రాత్రే బిల్లు ఒకసారి ప్రింట్ అడిగి చూసుకోండి, మూడో మంచం రెండుసార్లు పడిందేమో అప్పుడే తెలుస్తుంది.